పునఃస్థాపన చేసినను మందగించు ల్యాప్‌టాపు: కారణ పరీక్ష



నేటి నా ప్రసంగ విషయము ల్యాప్‌టాపు. యంత్రము మందగించినదని దాని నిర్వాహక వ్యవస్థను, అనగా విండోసును, మొదలంట తుడిచి మరల నెక్కించి, డ్రైవర్లను గూడ క్రొత్తగా నమర్చిన పిమ్మటను ఆ మాంద్యము తీరకున్నచో నేమి చేయవలయునను ప్రశ్నకు సమాధానము చెప్పుదును. ఇది యింజనీర్లకు చెప్పు మాట కాదు. ఇంట నొక ల్యాప్‌టాపు గలిగి, అది మొరాయించినపుడు దుకాణదారుడు చెప్పినదెల్ల నమ్మవలసివచ్చు గృహస్థులకును, విద్యార్థులకును ఇది యుద్దేశింపబడినది.

మా గండిమైసమ్మ కూడలిలో ఉదయము నిలిచి చూచినవారికి ఈ విషయము యొక్క ప్రాముఖ్యము బోధపడును. దుండిగల్లు, బహదూర్‌పల్లి, మైసమ్మగూడ ప్రాంతములలో ఇంజనీరింగు కళాశాలలు పెక్కులు వెలసినవి. ఇచ్చట బస్సులు మారు విద్యార్థులలో వీపున ల్యాప్‌టాపు సంచి లేనివారు అరుదు. వీరి తండ్రులలో ననేకులు సేద్యము మీదనో, జీడిమెట్ల కర్మాగారములలోని పని మీదనో బ్రదుకువారు. ఆ యంత్రము వాయిదాల పద్ధతిని కొన్నదో, అన్న వాడి విడిచినదో, సెకండ్‌హ్యాండు దుకాణమున దొరికినదో యై యుండును. అది మందగించినపుడు పిల్లవానికి రెండు సలహాలు లభించును. ‘ఫార్మాటు చేయించు’మనునది యొకటి, ‘క్రొత్తది కొను’మనునది రెండవది. మొదటిదానిచే కొన్ని వందల రూపాయలును, జాగ్రత్తపడనిచో దాచుకొన్న వ్రాతలును ఛాయాచిత్రములును పోవును. రెండవదానిచే నొక కుటుంబము అప్పులపాలగును. ఈ రెండు సలహాలును యంత్రమును పరీక్షింపక పూర్వమే యిచ్చునవి. దోషమచ్చటనే యున్నది.

వైద్యశాస్త్రమున నిదానమను భాగము కలదు. మాధవకరుడు రచించిన మాధవనిదానమను గ్రంథము కేవలము రోగముల కారణములను, లక్షణములను నిర్ణయించుటకే యేర్పడినది. ఔషధములను బోధించుట దాని పని కాదు. రోగము నెరుగుట యొక విద్య, మందిచ్చుట వేరొక విద్య యని మన పూర్వులు గ్రహించిరి. ల్యాప్‌టాపు విషయమునను మనకు ముందు కావలసినది నిదానమే. సంతోషింపదగిన సంగతి యేమనగా, ఈ నిదానమునకు వలయు సాధనములు ఆ యంత్రములోనే యున్నవి. వానికి వెల లేదు.

ముందుగా రెండు మాటల యర్థము తెలిసికొందము. నిర్వాహక వ్యవస్థ యనగా యంత్రములోని యంగములన్నిటిచేతను పని చేయించు ప్రధాన ప్రోగ్రాము. డ్రైవరనగా నిచ్చట బండి తోలువాడు కాడు, దుబాసీ వంటివాడు. తెర, ధ్వని, వైఫై, డిస్కు మొదలగు ప్రతి యంగమునకు వేరువేరు భాష కలదు. విండోసు చెప్పిన మాటను ఆ భాషలోనికి మార్చి చెప్పు చిన్న ప్రోగ్రామే డ్రైవరు. సరియైన దుబాసీ లేనిచోట సైగలతో పని జరుపుకొనవలసివచ్చును. పని జరుగును గాని ఆలస్యముగా జరుగును.

ఇక ఫార్మాటు చేసి విండోసును మరల నెక్కించుటచే నేమి జరుగును? పేరుకొన్న చెత్త, వైరసులు, పనికిమాలిన ప్రోగ్రాములు, చెడిన యమరికలు తుడిచిపెట్టుకొని పోవును. ఈ కారణములచే మందగించిన యంత్రము నిజముగా బాగుపడును. కాని డిస్కు యొక్క అరుగుదల దానిచే పోదు, ర్యాము పెరుగదు, ఫ్యానులోని దుమ్ము రాలదు, చార్జరు దోషము తీరదు. గోడలకు సున్నము వేసినంత మాత్రమున పునాది బీటలు పూడవు గదా. అంతేకాక, విండోసు 7తో వచ్చిన ప్రాత యంత్రమునకు విండోసు 10 ఎక్కించినచో బరువు మరింత పెరుగును. పునఃస్థాపన తరువాత యంత్రము మునుపటికంటెను మందగించుటకు ఇది యొక సామాన్య కారణము.

ఫార్మాటు చేసిన దినముననే యంత్రమును నిందింపరాదు. క్రొత్తగా నెక్కిన విండోసు ఇంటర్నెట్టు తగిలినంతనే తన నవీకరణములను దింపుకొనును, డ్రైవర్లను వెదకును, ఫైళ్ళన్నిటికి సూచిక తయారు చేసికొనును, డిఫెండరను రక్షక ప్రోగ్రాము వానిని తనిఖీ చేయును. వన్‌డ్రైవు తెరచియున్నచో మేఘసంచయములోని ఫైళ్ళను గూడ దింపును. ఇవన్నియు తెర వెనుక జరుగును గనుక మనకు కనబడవు. కావున యంత్రమును చార్జరునకు తగిలించి, వైఫైకి కలిపి, ఒకటి రెండు దినములు కొన్ని గంటల చొప్పున దాని పనిని దానిని చేసికొననిండు. విండోసు అప్‌డేటులో మిగిలినదేమియు లేదని చెప్పువరకు నవీకరణములను పూర్తిచేసి, ఒకమారు రీస్టార్టు చేయుడు. దానితో మాంద్యము తీరినచో వ్యయమేమియు లేకయే పని ముగిసినది.

అప్పటికిని తీరనిచో పరీక్షకు దిగవలయును. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కమారు నొక్కినచో టాస్కు మేనేజరు తెరచుకొనును. అందు పెర్ఫార్మెన్సు అను పుట కలదు. ప్రాసెసరు, మెమరీ, డిస్కు, గ్రాఫిక్సు అను నాలుగు నాడుల చలనము అచ్చట రేఖారూపమున కనబడును. యంత్రము మందగించిన సమయముననే దీనిని తెరచి, నాలుగింటిలో నేది నూటికి నూరు పాళ్ళు నిండియున్నదో చూడుడు. అది మీకు నిదానములో మొదటి మెట్టు.

డిస్కు రేఖ నూరు పాళ్ళకు అంటుకొని, ప్రాసెసరు మాత్రము ఖాళీగా నున్నదనుకొందము. ప్రాత ల్యాప్‌టాపులలో మిక్కిలి తరచుగా కనబడు లక్షణ మిదియే. దీనిని కొంత విపులముగా చెప్పవలయును. ప్రాత తరహా హార్డు డిస్కులో లోపల పళ్ళెములు తిరుగుచుండును. ల్యాప్‌టాపులలో సామాన్యముగా నిమిషమునకు 5,400 మార్లు, అనగా సెకనునకు 90 మార్లు తిరుగును. ఒక్క చుట్టునకు సుమారు 11 మిల్లీసెకనులు పట్టును. కావలసిన యక్షరములు చదువు ముల్లు క్రిందికి వచ్చువరకు సగటున అరచుట్టు వేచియుండవలయును; ముల్లు ఆ వరుసకు జరుగుటకు మరికొన్ని మిల్లీసెకనులు కావలయును. లెక్క చూచినచో, చెల్లాచెదరుగా నున్న చిన్న ఫైళ్ళను సెకనునకు 60 మొదలు 100 వరకు మాత్రమే యిది తెచ్చి యీయగలదు. తాళపత్రముల భాండారములో నొక్క సేవకుడే యుండి, ఒక్కొక్క గ్రంథమునకై నిచ్చెన యెక్కి దిగుచున్నాడని యూహింపుడు. ఒక్కరడిగినచో వాడు చాలును. ఏకకాలమున నలువదిమంది యడిగినచో నందరును వేచియుండవలసినదే. నేటి విండోసు తెర వెనుక అట్లే నలువది పనులకై యడుగుచుండును.

ఎస్.ఎస్.డి. యను క్రొత్త తరహా డిస్కులో తిరుగునది, జరుగునది ఏదియు లేదు. సమాచారము విద్యుద్రూపమున చిన్న గదులలో నిలిచియుండును. ఏ గది నైనను తక్షణము తెరువవచ్చును. సామాన్యమైన యెస్.ఎస్.డి. గూడ సెకనునకు అట్టి చిన్న ఫైళ్ళను వేల సంఖ్యలో నందీయగలదు. నూటికి వేలకు గల ఈ భేదమే తెర మీద నిమిషములకు, సెకనులకు గల భేదముగా మనకు తోచును. హార్డు డిస్కుగల ల్యాప్‌టాపులో పెక్కింట నున్నది రెండున్నర అంగుళముల సాటా డిస్కు; దానిని తీసి ఆ స్థానముననే అదే కొలతగల ఎస్.ఎస్.డి.ని బిగింపవచ్చును. మా ప్రాంతమువారికి సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఇట్టి సామగ్రికి చిరపరిచితమైన బజారు. క్రొత్త ల్యాప్‌టాపు వెలలో నిది చిన్న పాలు మాత్రమే.

డిస్కు స్వభావము వేరు, డిస్కు రోగము వేరు. టాస్కు మేనేజరులోని డిస్కు పుటయందు సగటు ప్రత్యుత్తర కాలము మిల్లీసెకనులలో చూపబడును. పని తక్కువగా నున్నపుడు గూడ అది వందలు, వేలు చూపుచు, యంత్రము నడుమ నడుమ కొయ్యబారుచున్నచో డిస్కు చెడిపోవుచున్నదని శంకింపవలయును. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో యను ఉచిత ప్రోగ్రాము డిస్కు తన్ను గూర్చి తాను వ్రాసికొను ఆరోగ్యపు పట్టికను చదివి చూపును. అందు పసుపుపచ్చని హెచ్చరిక కనబడినచో మరియొక పని తలపెట్టక, ముందు మీ వ్రాతలను, ఛాయాచిత్రములను వేరొక చోటికి ప్రతులు తీయుడు. అట్టి డిస్కును మరల ఫార్మాటు చేయుట మునుగుచున్న పడవకు రంగు వేయుట వంటిది.

మా వీధిలో గది యద్దెకు దీసికొన్న యొక విద్యార్థి విషయమున ఇదియే జరిగినది. ఒక్క అర్ధసంవత్సరములో వాని యంత్రమునకు మూడుమార్లు ఫార్మాటు జరిగెను. ప్రతిమారును వారము దినములు బాగుగ నడచి, మరల మొదటికి వచ్చెను. రెండవమారు వాని ప్రాజెక్టు వ్రాతలన్నియు తుడిచిపెట్టుకొనిపోయెను. మూడవమారు ‘మదర్‌బోర్డు పోయినది, క్రొత్తది కొను’మని చెప్పిరి. తండ్రి ఆ మాట నమ్మి వడ్డీకి సొమ్ము తెచ్చుటకు సిద్ధపడెను. ఆ దినమున యంత్రమును తెరచి చూడగా ప్రాసెసరు పది పాళ్ళు, డిస్కు నూరు పాళ్ళు. ఆరోగ్యపు పట్టికలో హెచ్చరిక. మిగిలిన ఫైళ్ళను పెన్‌డ్రైవునకు మార్చి, ఎస్.ఎస్.డి. బిగింపగా, ఆ మదర్‌బోర్డే నేటికిని పని చేయుచున్నది. కుర్రవాడు కోల్పోయిన ప్రాజెక్టు మాత్రము తిరిగి రాలేదు.

డిస్కు నిర్దోషమై, మెమరీ రేఖ ఎల్లప్పుడు ఎనుబది, తొంబది పాళ్ళు దాటియున్నచో లోపము ర్యాములో నున్నది. ర్యాము మనము వ్రాసికొను బల్ల, డిస్కు బీరువా. బల్ల చిన్నదైనచో ప్రతి కాగితమునకు బీరువా వద్దకు పోయి రావలసివచ్చును. విండోసు 11నకు కనీసము 4 జి.బి. ర్యాము చాలునని మైక్రోసాఫ్టువారు చెప్పుదురు. కాని బ్రౌజరులో పది పుటలు తెరచి పని చేయువారికి 8 జి.బి. యున్నగాని సుఖము లేదు. మెమరీ పుటలో ఎన్ని గూళ్ళున్నవో, వానిలో నెన్ని నిండినవో వ్రాసియుండును. రెండవ గూడు ఖాళీగా నున్నచో ర్యాము చేర్చుట సులభము, డి.డి.ఆర్. 3యో, 4యో తెలిసికొని ఆ జాతిదే కొనవలయును. ఇంకొక సూక్ష్మము: దుకాణమువారు పొరపాటున 32 బిట్ల విండోసు నెక్కించినచో అది 4 జి.బి.కి లోపుననే వాడుకొనగలదు; మిగిలిన ర్యాము వ్యర్థము. సెట్టింగులలో ఎబౌట్ అను పుటయందు ఈ సంగతి కనబడును.

ఇక డ్రైవర్ల మాట. స్టార్టు గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కినచో డివైసు మేనేజరు అను పేరు వచ్చును. అందు పసుపు త్రికోణముతో నేదైన కనబడినచో ఆ యంగమునకు దుబాసీ లేడని యర్థము. డిస్‌ప్లే యను శీర్షిక క్రింద మీ గ్రాఫిక్సు పేరు కాక ‘మైక్రోసాఫ్టు బేసిక్ డిస్‌ప్లే ఎడాప్టరు’ అని యున్నచో, తెర బొమ్మలు గీయు భారమంతయు ప్రాసెసరు మీద పడుచున్నదని తెలియవలయును. వీడియో తెగి తెగి ఆడుటకును, కిటికీలు ఈడ్చుకొని కదలుటకును ఇది కారణము.

డ్రైవర్లను ఎచ్చటనుండి తేవలయును? యంత్రము అడుగుభాగమున సర్వీసు ట్యాగో, సీరియలు సంఖ్యయో చెక్కబడియుండును. ల్యాప్‌టాపును తయారు చేసిన సంస్థ వెబ్‌సైటులో ఆ సంఖ్య నిచ్చినచో ఆ మాదిరికి తగిన డ్రైవర్ల పట్టిక వచ్చును. మొదట చిప్‌సెట్టు, తరువాత స్టోరేజి, ఆ తరువాత గ్రాఫిక్సు, కడపట వైఫై, ధ్వని మొదలైనవి, ఒక్కొక్కదాని పిమ్మట రీస్టార్టు చేయుచు నెక్కించుట మంచి క్రమము. ఏదేని డ్రైవరు మార్చిన తరువాతనే మాంద్యము వచ్చినచో డివైసు మేనేజరులోని రోల్ బ్యాక్ డ్రైవరు అను మీటచే వెనుకటిదానికి మరలవచ్చును. ఒక్క నొక్కుతో డ్రైవర్లన్నియు సరిచేసెదమని, యంత్రమును పదింతలు వేగముగ పరుగెత్తించెదమని ప్రకటించుకొను ప్రోగ్రాములను దరిజేరనీయకుడు. వానిలో ననేకము తామే యొక బరువై కూర్చుండును.

ప్రాసెసరు పుటను గూడ మరువరాదు. అందు వేగము గిగాహెర్ట్‌జులలో చూపబడును. పని యెక్కువగా నున్నపుడు గూడ ఆ వేగము ఒక గిగాహెర్ట్‌జు దాటక, సగమునకో, అంతకు దిగువకో కట్టుబడియున్నచో, ప్రాసెసరు తన్ను తాను రక్షించుకొనుటకై మెల్లగ నడచుచున్నదని గ్రహింపవలయును. అందులకు రెండు కారణములు ముఖ్యము. ఒకటి వేడి: ఫ్యానులో దుమ్ము చేరి, ప్రాసెసరు మీది థర్మలు పేస్టు ఎండిపోయి యుండును. మా దిక్కున రహదారుల వెంట లారీల దుమ్మునకు కొదువ లేదు; మెత్తని పరుపు మీద నుంచి వాడుట దీనికి తోడగును. శుభ్రము చేయించి పేస్టు మార్పించినచో తీరును. రెండవది చార్జరు: కొన్ని సంస్థల యంత్రములు తమది కాని చార్జరును, తీగ చెడిన చార్జరును గుర్తింపలేక వేగమును తగ్గించుకొనును. చార్జరు తీసివేసి బ్యాటరీ మీద నడపినపుడు వేగము పెరిగినచో దోషమెచ్చట నున్నదో తెలిసినట్లే.

ఈ చివరి పరీక్ష తర్కశాస్త్రమునందలి అన్వయవ్యతిరేకములకు చక్కని యుదాహరణము. కారణమున్నచో కార్యముండుట అన్వయము. కారణము లేనిచో కార్యము లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరిననే కారణము నిశ్చయమగును. కావున ఏకకాలమున డిస్కు, ర్యాము, డ్రైవర్లు అన్నియు మార్చినచో యంత్రము బాగుపడవచ్చునేమో గాని దోషమేదో తెలియదు. సొమ్ము మాత్రము మూడింటికి పోవును. ఒకమారు ఒక్కటే మార్చి చూడవలయును. ఇందులకు మరియొక సులభోపాయము కలదు. లినక్సు మింటు వంటి యుచిత వ్యవస్థను పెన్‌డ్రైవు మీద నుంచి, డిస్కును తాకకయే యంత్రమును దానితో నడపి చూడుడు. తెరచుకొనుటకు కొంత యాలస్యమైనను, పిదప చురుకుగ నడచినచో ప్రాసెసరు, ర్యాము, శీతలీకరణము నిర్దోషములు; దోషము డిస్కులోనో, విండోసులోనో యున్నది. అదియు మందగించినచో ర్యామును, వేడిని, చార్జరును శంకింపుడు.

ఫార్మాటు చేయింపక తప్పనివారికి మూడు జాగ్రత్తలు. మొదటిది, ప్రతులు. మీ ఫైళ్ళను వేరొక డిస్కునకు ప్రతులు తీసి, అవి తెరచుకొనుచున్నవో లేదో చూచిన తరువాతనే యంత్రమును ఇతరుల చేతికీయుడు. రెండవది, బిట్‌లాకరు తాళము. నేటి యంత్రములలో పెక్కింట డిస్కు దానంతట గుప్తీకరింపబడియుండును; బయోసు అమరిక మార్చినపుడు 48 అంకెల సంఖ్య నడుగును. అది సాధారణముగ మీ మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రపరుపబడియుండును; ముందే వ్రాసి యుంచుకొనుడు. ఆ సంఖ్య లేనిచో ఆ డిస్కులోని వ్రాతలను ఎవరును తెరువజాలరు. మూడవది, దొంగప్రతి. విండోసు 8 వెలువడిన 2012 నుండి, విండోసుతో అమ్మబడిన ల్యాప్‌టాపులలో దాని యనుమతి సంఖ్య సామాన్యముగ యంత్రములోనే నిక్షిప్తమై వచ్చుచున్నది. అదే తరగతి విండోసు నెక్కించినచో ఇంటర్నెట్టు తగిలినంతనే అది తనంతట చెల్లుబాటగును. కావున ‘క్రాకు’ అను దొంగతాళము మీకవసరము లేదు. దాని వెంట వచ్చు వైరసులే మరల మాంద్యమునకు కారణమగును.

యంత్రము మిక్కిలి ప్రాతదైనచో నేమి చేయవలయును? విండోసు 10నకు సాధారణ యుచిత సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. 2021 అక్టోబరులో వెలువడిన విండోసు 11 టి.పి.ఎం. 2.0 అను రక్షణాంగమును, తాను అంగీకరించిన ప్రాసెసరునే కోరును. ఆ నియమమును తప్పించి బలవంతముగ నెక్కించుట కొన్ని దుకాణములలో కలదు. అట్టి యంత్రమునకు ముందుముందు నవీకరణములు వచ్చునను పూచీ లేదు. వ్రాయుట, చదువుట, బ్రౌజరు, పాఠముల వీడియోలు ఇంతమాత్రమే పనియైనచో ఎస్.ఎస్.డి.తో, లినక్సుతో ప్రాత యంత్రము మరికొన్నేండ్లు నిలుచును. కళాశాలలో విండోసు ప్రోగ్రాములే తప్పనిసరియైనచో మాత్రము క్రొత్త యంత్రమునకు సొమ్ము వెచ్చించుట న్యాయము.

కాగితమున వ్రాసికొనువారికై క్రమమును మరల చెప్పుదును. రెండు దినములు నిరీక్షణము, నవీకరణముల పూర్తి, టాస్కు మేనేజరు పరీక్ష, డిస్కు ఆరోగ్యము, ర్యాము, డివైసు మేనేజరులో పసుపు గుర్తులు, వేడి, చార్జరు. వీనిలో కడపటి యారును చూచుటకు ఒక్క సాయంకాలము చాలును, వ్యయము లేదు. ఆ తరువాత దుకాణమునకు పోయినచో, ‘నా యంత్రము స్లో అయినది’ అని కాక, ‘ప్రాసెసరు ఖాళీగా నున్నది, డిస్కు నూరు పాళ్ళు చూపుచున్నది, దీనిని మార్చి యిండు’ అని యడుగగలరు. అట్లు అడుగు పిల్లవానికి మదర్‌బోర్డు పోయినదని చెప్పువారు తక్కువ. ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట మరల అదే పుటను తెరచి, డిస్కు రేఖ దిగినదో లేదో చూచుకొనుడు. దిగినచో చికిత్స సరియైనదే.